తీరికకూ ఒక పట్టా



చాలా రోజుల తరువాత ఒక టపా వ్రాస్తున్నాను. ఇది పద్యం కాదు, ప్రబంధ చర్చ అంతకన్నా కాదు. ఒక ఇంటి తగవులో మధ్యవర్తిగా కూర్చున్న నేను చివరకు ముద్దాయిగా లేచిన వృత్తాంతం.

మా పెద్దబ్బాయి కుటుంబం కెనడా దేశంలో, ఒంటారియో రాష్ట్రంలో ఉంటుంది. మొన్న వేసవిలో ఒకనాడు ఉదయం అయిదున్నరకు ఫోను మ్రోగింది. అక్కడ రాత్రి ఎనిమిది గంటలన్నమాట. "నాన్నగారూ, మీ మనుమరాలికి మీరైనా నాలుగు మంచిమాటలు చెప్పండి. కంప్యూటర్ల చదువుకు లోకమంతా పేరుపడ్డ వాటర్లూ విశ్వవిద్యాలయంలో చేరుతూ, అక్కడ తీరిక గురించి చదువుతానంటోంది" అన్నాడు.

ఏమి చదువుతానంటోందని రెండోసారి అడిగాను. "రిక్రియేషన్ అండ్ లీజర్ స్టడీస్" అన్నాడు. వినోదం, విరామం, వాటిని సమాజానికి అందించే సేవలు. దానికి నాలుగేళ్ళ డిగ్రీ!

నాకు నవ్వాగలేదు. ఆటవిడుపుకు కూడా పాఠ్యప్రణాళికా? అందులో తప్పితే మళ్ళీ సెప్టెంబరు పరీక్షలా? నేను నవ్వుతుండగానే మనుమరాలు ఫోను అందుకొని, "తాతయ్యా, మీరు నవ్వడం అయ్యాక చెబుతాను" అంది. మర్యాదగానే అంది కాని నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆ పిల్లకు ఈ బుద్ధి ఎలా పుట్టిందో అప్పుడు చెప్పింది. ఒంటారియోలో ఉన్నత పాఠశాల పూర్తిచేయాలంటే ప్రతి విద్యార్థీ నలభై గంటలు సమాజసేవ చేయాలట. ఈమె ఒక వృద్ధుల సంరక్షణాలయానికి వెళ్ళింది. అక్కడ ఒక పంజాబీ అవ్వ. మతిమరుపు రోగం. ఇంగ్లీషు రాదు, ఉన్న మాటలు కూడా పోతున్నాయి. పగలంతా గోడవైపు చూస్తూ కూర్చునేది. అక్కడ పనిచేసే వినోదచికిత్సకురాలు ఆ అవ్వ కొడుకును పిలిచి, ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడు రోజంతా ఏమి చేసేదని గంటసేపు అడిగి వ్రాసుకుందట. మరునాడు ఒక పళ్ళెంలో గోధుమపిండి, గిన్నెతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది. అవ్వ చేతులు వాటంతటవే పిండి తడిపి, పిసికి, ఉండలు చేశాయి. మూడవ వారానికి ప్రక్కనున్న మరొక ముసలమ్మకు ఉండ చేయడం నేర్పుతోంది. "ఆవిడకు జబ్బు తగ్గలేదు తాతయ్యా. కాని ఆ గంటసేపు ఆవిడ రోగి కాదు" అంది మా మనుమరాలు.

పిల్ల మాట అలా ఉంచి, నేను ఆ శాస్త్రం సంగతి కొంత చదవాలనుకున్నాను. చదవకుండా తీర్పు చెప్పడం పండితునికి తగదు కదా.

తెలుగు పండితుడు దేనినైనా శబ్దం దగ్గరనుంచే మొదలుపెడతాడు. 'తీరిక' అంటే పని తీరిన తరువాత మిగిలేది. 'కాలక్షేపం' అంటే కాలాన్ని విసిరివేయడం. 'వినోదం'లోని ధాతువుకు త్రోసివేయడమని అర్థం, అనగా విసుగును దూరంగా నెట్టడం. మన మాటలన్నీ మిగలడం, విసరడం, నెట్టడం చుట్టూనే తిరుగుతున్నాయి. ఇంగ్లీషు వారి 'లీజర్' లాటిను భాషలో అనుమతికి సంబంధించిన మాటనుండి వచ్చింది. 'రిక్రియేషన్' పునఃసృష్టి. అన్నింటినీ మించి నన్ను కుదిపింది 'స్కూలు' అనే మాట. గ్రీకుభాషలో 'స్ఖోలే' అంటే తీరిక. తీరిక దొరికినవాడు చేసే పని విద్యాభ్యాసం గనుక ఆ పేరు క్రమంగా చదువుకునే చోటికి వచ్చింది.

ముప్పదియేళ్ళకు పైగా నేను తీరిక అనే పేరున్న భవనంలోనే ఉద్యోగం చేశానన్నమాట. అక్కడ నేను చేసినదేమిటి?

పదవతరగతి కాలపట్టికలో వారానికి రెండో మూడో ఆటల పీరియడ్లు ఉండేవి. దసరా సెలవులు కాగానే డ్రిల్లు మాస్టారి దగ్గరకు వెళ్ళి, "సిలబసు మిగిలిపోయింది, మీ పీరియడు నాకిప్పించండి" అనేవాణ్ణి. ఆయన పాపం కాదనేవాడు కాడు. కాలూచేయీ ఆడించవలసిన వేళలో పిల్లలచేత గణవిభజన చేయించాను. మైదానంవైపు కిటికీ తలుపులు మూయించాను. ఫలితాలు బాగా వచ్చేవి. నాకు మంచి పేరే వచ్చింది.

మన పూర్వుల వేదపాఠశాలల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయన దినాలు. ఆనాడు చదవడమే దోషమన్నారు. ఆ సంగతి తరగతిలో చెప్పినవాణ్ణే నేను. పాటించినవాణ్ణి మాత్రం కాను.

ఆ కాలపు శిష్యుడొకడు కొన్నేళ్ళ క్రితం మా ఇంటికి వచ్చాడు. చదువుకునే రోజుల్లో కబడ్డీలో పాములాగా జారిపోయేవాడు. ఇప్పుడు ఒక కర్మాగారంలో షిఫ్టుపని. క్షేమసమాచారాలయ్యాక, "పనిదినాలు ఎలాగో గడుస్తాయి మాస్టారూ, సెలవురోజు వస్తేనే భయం. తాగకుండా ఒక ఆదివారం గడపడం నాకు చేతకావడం లేదు" అన్నాడు. నా సమాసాల వలననే అతడు తాగుడు మరిగాడంటే అది అతిశయోక్త్యలంకారం. కాని ఆదివారాన్ని ఎలా గడపాలో నేర్పవలసిన గంటను అతని దగ్గరనుండి తీసుకున్నవారిలో నేనొకణ్ణి. అది స్వభావోక్తి.

ఇక ఆ శాస్త్రం పుట్టుక చూద్దాం. అది విలాసవంతుల విడిదిలో పుట్టలేదు, యంత్రయుగపు మురికివాడల్లో పుట్టింది. అమెరికాలో పల్లెలనుండి, పరదేశాలనుండి జనం నగరాలకు వచ్చి ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టిన కాలం. పిల్లలకు వీధి తప్ప వేరే చోటు లేదు. 1885లో బోస్టన్ నగరంలో పిల్లలు ఆడుకోవడానికి ఇసుక పోయించి ఒక 'ఇసుకతోట' ఏర్పాటు చేశారు. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్త్రీలు షికాగోలోని కార్మికవాడలో హల్ హౌస్ అనే సేవాసదనం నెలకొల్పారు. చదువుతోపాటు సంగీతం, నాటకం, వ్యాయామం అక్కడ పేదలకు అందాయి. ఆటస్థలమూ వెలసింది. జేన్ ఆడమ్స్‌కే తరువాత 1931లో నోబెల్ శాంతి బహుమానం లభించింది.

1906లో అమెరికా ఆటస్థలాల సంఘం ఏర్పడింది. స్థలం ఇస్తే సరిపోదని, దానిని నడిపే మనిషికి శిక్షణ ఉండాలని వారు త్వరలోనే గ్రహించారు. బలిష్ఠుడైన పిల్లవాడే ఊయలను ఆక్రమిస్తాడు. ఆడపిల్ల గట్టుమీద నిలబడి చూస్తుంది. కుంటివాడు ఇంటినుండే రాడు. ఇది ఎక్కడైనా ఉన్నదే. 1926లో ఒక ఏడాది శిక్షణకు ప్రత్యేక పాఠశాల పెట్టారు. 1937లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఈ విషయంలో డిగ్రీ ప్రారంభించింది. తరువాత ఉత్తర అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు దానిని అనుసరించాయి.

ఇటువంటి చదువులో ఏముంటుందంటే: ఉద్యానవనాలను, సామాజిక కేంద్రాలను నడపడం, వాటికి బడ్జెట్టు వేయడం, ప్రమాదాలు జరుగకుండా చూడడం, ఒక ఊరిలో ఎవరికి ఏమి కావాలో సర్వేచేసి కార్యక్రమాలు రూపొందించడం, వికలాంగులకు ఆటలో చోటు కల్పించడం. వినోదచికిత్స అందులో ఒక శాఖ. వైద్యుడు రోగాన్ని పరీక్షించినట్లే ఇందులోనూ మనిషిని ముందు పరిశీలిస్తారు, ప్రణాళిక వేస్తారు, అమలు చేస్తారు, ఫలితాన్ని తూచి చూస్తారు. పంజాబీ అవ్వ ముందు పెట్టిన గోధుమపిండి వెనుక ఇంత తతంగముంది. అమెరికాలో 1981 నుండి ఈ చికిత్సకులకు ధ్రువపత్రాలిచ్చే ప్రత్యేక మండలి ఉంది.

ఇంతవరకు చదివి నేను మెత్తబడ్డాను గాని పూర్తిగా లొంగలేదు. నాలో మరొక పండితుడు లేచి, "ఇవన్నీ మనకు లేవా?" అన్నాడు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో నాగరకుని దినచర్య చెబుతూ గోష్ఠులను, ఉద్యానయాత్రలను వర్ణించలేదా? పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో ఇరవై వినోదాలు, ఇరవై క్రీడలు వివరించలేదా? క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు కనబడవా? సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో మన ఆటపాటలను అంత శ్రద్ధగా కూర్చలేదా? హరికథ, తోలుబొమ్మలాట, అష్టాచెమ్మా, వామనగుంటలు, రచ్చబండ, ఇన్ని ఉండగా మనకు డిగ్రీ ఎందుకు?

ఈ ప్రసంగమంతా నేను పైకే చేస్తున్నాను. మా శ్రీమతి వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమెకు ఆ పుస్తకాల సారాంశం నాలుగు రోజులుగా రోజూ చెబుతూనే ఉన్నాను. తలెత్తకుండా, "ఏమండీ, ఆ రచ్చబండ మీద నేనెప్పుడైనా కూర్చున్నానా?" అంది.

నాకు సమాధానం తోచలేదు.

"నా తీరిక గురించి కూడా వాళ్ళ పుస్తకాల్లో ఏమైనా వ్రాశారా?" అని మళ్ళీ అడిగింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోగోరి అడిగిన ప్రశ్న.

వ్రాశారు. అదే నేను చెప్పదలచుకున్నది. సోమేశ్వరుడు రాజు తీరికను వ్రాశాడు. వాత్స్యాయనుడు ధనవంతుడైన పురజనుని తీరికను వ్రాశాడు. తీరికే జీవిత పరమార్థమన్న అరిస్టాటిల్ కాలంలో ఆ తీరికను మోసినవారు బానిసలు. పూర్వశాస్త్రాలు తీరిక ఉన్నవాని తీరికను వర్ణించాయి. ఈ కొత్త శాస్త్రం తీరిక లేనివారిని లెక్కకు తీసుకుంటుంది. ఎవరికి ఎన్ని నిమిషాలున్నాయి, లేకపోతే ఎందుకు లేవు, అడ్డుపడుతున్నది డబ్బా, భయమా, దూరమా, ఇంటిచాకిరీయా అని విడదీసి చూస్తుంది. స్త్రీల తీరిక అందులో ప్రత్యేకంగా పరిశోధించే విషయం.

మన దేశంలోనూ ఆ లెక్క ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అటువంటి పనులు చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. అంటే తేడా మూడుగంటలకు పైమాటే. ఆ మూడుగంటల్లోనే నా ప్రబంధ పఠనమంతా జరిగిందని నాకిప్పుడు తెలిసింది.

తీరిక అనేది పని తీరాక మిగిలేది అనుకున్నంతకాలం, పని తీరనివారికి అది ఎన్నటికీ రాదు. ఇంటిపని తీరేదెప్పుడు? కనుక అది పంచవలసిన వాటా. వాటా అన్న తరువాత కొలిచేవారు కావాలి, అడిగేవారు కావాలి, కాపాడేవారు కావాలి. అందుకు చదువు అవసరమే.

ఇది నా సొంత పైత్యం కాదు. మన రాజ్యాంగం 43వ అధికరణం శ్రామికులకు జీవనభృతితోపాటు తీరికను సంపూర్ణంగా అనుభవించే పరిస్థితులు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని ఆదేశిస్తోంది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను హక్కుగా పేర్కొంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను బాలల హక్కుగా గుర్తించింది. 1992లో మన దేశమూ దానిలో చేరింది. ఆ తరువాత కూడా నేను చాలా ఏళ్ళు ఆటల పీరియడులో సంధులు చెబుతూనే ఉన్నాను. హక్కును కాజేస్తున్నానని నాకు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు.

మా అబ్బాయి అభ్యంతరాన్ని నేను తేలికగా కొట్టివేయను. కన్నతండ్రి భయం అది. ఈ రంగంలో కంప్యూటర్ల జీతాలుండవు. ఉద్యోగాలు చాలావరకు పురపాలక సంఘాల్లో, ఆసుపత్రుల్లో, సంరక్షణాలయాల్లో ఉంటాయి. కొన్ని పూర్తికాలపువి కూడా కావు. ఒంటారియోలో వృద్ధుల సంరక్షణాలయాలు వినోద కార్యక్రమాలు నిర్వహించి తీరాలని చట్టమే ఉన్నందున కొంత భరోసా లేకపోలేదు. అంతే. మరొక ప్రమాదమూ నాకు కనబడుతోంది. తీరికను 'సేవ'గా చేసి అమ్మడం మొదలైతే, డబ్బున్నవానికే మళ్ళీ అది దక్కుతుంది. సోమేశ్వరుడే కొత్త వేషంలో తిరిగివస్తాడు. ఈ రెండుమాటలూ మనుమరాలికి చెప్పాను. "రెండోదాని మీద మాకు పెద్ద చర్చే ఉంటుందట తాతయ్యా" అంది. మొదటిదానికి, "తెలుసు" అని మాత్రం అంది.

అప్పుడు మా అబ్బాయితో అన్నాను: "నాయనా, దాన్ని చదవనివ్వు. నేనూ మీ అమ్మా ఇంకొన్నేళ్ళకు గోడవైపు చూస్తూ కూర్చునే వయసుకు వస్తాం. ఆనాడు నీ కంప్యూటరు మా ముందు ఏ పళ్ళెం పెడుతుందో నాకు తెలియదు. నీ కూతురు ముందుగా మమ్మల్ని అడిగి తెలుసుకుంటుంది." వాడు చాలాసేపు మాట్లాడలేదు. సెప్టెంబరులో ఆమె చేరింది.

మిత్రులారా, చివరగా మన మాట. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ స్టెబిన్స్ 1982లో 'సీరియస్ లీజర్' అనే భావనను ప్రతిపాదించాడు. నిష్ఠగల తీరిక అనుకుందాం. జీతం లేకపోయినా పట్టుదలతో శ్రమించడం, క్రమంగా నైపుణ్యం సంపాదించడం, తోటివారితో ఒక లోకం ఏర్పరచుకోవడం, అదే తన గుర్తింపుగా చేసుకోవడం దాని లక్షణాలు. చదువుతుంటే మీరందరూ నా కన్నుల ముందు మెదిలారు. నేను ఈ బ్లాగు మొదలుపెట్టిన 2007లో ఒక్కొక్క ఒత్తు ఎలా పడుతుందో తెలియక తంటాలు పడుతుంటే, ఎన్నడూ ముఖం చూడని మీరు వ్యాఖ్యల్లో నేర్పారు. ఆఫీసు పనులయ్యాక అర్ధరాత్రి వరకు వికీపీడియాలో వ్యాసాలు టైపుచేసినవారు మీలో ఉన్నారు. ఎవరిచ్చారు మీకు జీతం? ఉద్యోగ విరమణ తరువాత నేను ఆ శిష్యుని ఆదివారంలా మిగిలిపోకుండా కాపాడింది ఈ నిష్ఠగల తీరికే.

కాని మా శ్రీమతి ప్రశ్న విన్నాక ఇంకొకటి కూడా జ్ఞాపకం వచ్చింది. నేను రాత్రి పదింటికి టపా వ్రాస్తున్నప్పుడు వంటింట్లో దీపం వెలుగుతూనే ఉండేది. ఆ దీపం ఆర్పి వచ్చి, నిద్ర మానుకొని టపాలు వ్రాసిన సోదరీమణులూ మనలో ఉన్నారు. వారి టపాలు ఎందుకంత చిన్నవిగా ఉండేవో ఇన్నాళ్ళకు నాకు అర్థమయింది.

ప్రస్తుతం మా ఇంట్లో రాత్రి అంట్లు నా వంతు. ఆ సమయంలో ఏమి చేస్తావని ఆమెను అడిగాను. గోధుమపిండి లాంటిదేదో చెబుతుందనుకున్నాను. "ఏమీ చేయను. వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటాను" అంది. కూర్చుంటోంది. మొదటి వారం రోజులూ నాలుగు నిమిషాలకొకసారి లేచి లోపలికి వచ్చి చూసేది. ఇప్పుడు రావడం లేదు.

స్వస్తి.